యాదగిరి సార్ శనివారం క్లాసు

మొన్న మడికొండలోని మా ఆఫీసుకు నీళ్ల క్యాన్లు రాలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు ఎవరో వెనకాల ఉన్న బోరు నుంచి బిందెతో నీళ్లు పట్టుకొచ్చి గట్టు మీద పెట్టారు. మొదటి గుక్క నాలుక మీద పడగానే సున్నపు రుచి, కాస్త ఉప్పదనం, గొంతు దిగాక కూడా వదలని చిరుచేదు. పక్కన కూర్చున్న అమ్మాయి ముఖం చిట్లించి గ్లాసు దించేసింది. నేను మాత్రం ఆ గ్లాసు పట్టుకొని చాలాసేపు అలాగే ఉండిపోయాను. చాలా ఏళ్ల కింద, పాలకుర్తి అవతల ఒక ఊళ్లో, ఒక ఇంటి అరుగు మీద కూర్చొని తాగిన నీళ్ల రుచి అది. అప్పుడు నా పక్కన యాదగిరి సార్ ఉన్నారు. ఆయన పోయి ఏడాది దాటింది.

యాదగిరి సార్ వరంగల్‌లో మా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పేవారు. పొట్టి మనిషి. ముంజేతుల మీద ఎప్పుడో ఆసిడ్ చింది పడిన తెల్లమచ్చలు. కాంట్రాక్టు అధ్యాపకుడు కావడంతో ప్రతి వేసవిలో ఆయన ఉద్యోగం ముగిసిపోయేది, తరగతులు మొదలయ్యే వేళకు మళ్లీ కొత్త కాగితం వచ్చేది. ఆయన గది అంటూ ఒకటి ఉండేది కాదు. ల్యాబులో సీసాల బీరువా పక్కన ఒక స్టూలు, ఒక చిన్న బల్ల. అదే ఆయన చోటు. అన్నం డబ్బా కూడా అక్కడే, ఆసిడ్ సీసాలకు దూరంగా, కిటికీ అంచు మీద పెట్టుకునేవారు.

మేము ఎమ్మెస్సీలో చేరిన ఏడాది సిలబస్‌లో కొత్త పేపరు ఒకటి వచ్చింది. ఏ ఉద్యోగానికి పోయినా పనికొచ్చేవి కొన్ని ఉంటాయి కదా, మాట్లాడటం, రాయడం, నలుగురితో కలిసి పనిచేయడం, చిక్కు వస్తే విప్పుకోవడం, అవి నేర్పాలని దాని ఉద్దేశం. చెప్పడానికి పెద్ద ప్రొఫెసర్లెవరూ ముందుకు రాలేదు. అది రసాయనశాస్త్రం కాదు కాబట్టి చిన్నతనమనుకున్నారేమో. చివరికి శనివారం మధ్యాహ్నం, హాస్టల్ పిల్లలు ఊళ్లకు బస్సులెక్కే వేళలో, ఆ గంటను యాదగిరి సార్‌కు అంటగట్టారు. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో, చెయ్యి ఎలా కలపాలో చెబుతారని మేము నోట్సులు తెరుచుకొని కూర్చున్నాం. ఆయన వచ్చి బోర్డు మీద ఏమీ రాయకుండానే మాట్లాడారు.

“టై కట్టుడు నాకు రాదు. ఇంగ్లీషు గూడ జర అంతంతే. నాకు వచ్చింది ఒక్కటే. చేసిన పని చేసినట్టు చెప్పుడు. గా ఒక్కటి నేర్చుకునేటందుకే నాకు సగం జిందగీ పట్టింది. మీకు రెండేండ్లల్ల నేర్పుత.”

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

ఆయన ఇచ్చిన మొదటి పని విచిత్రంగా తోచింది. ల్యాబులో చేసిన ఒక ప్రయోగాన్ని ఇంట్లో చదువుకోని వాళ్లకు ఒకరికి చెప్పాలి. వాళ్లు తిరిగి ఏమన్నారో రాసుకు రావాలి. మాది వరంగల్‌లోనే కొత్తవాడ. నాన్న మగ్గం మీద జంపఖానాలు నేస్తారు, నూలుకు రంగు కూడా ఆయనే అద్దుతారు. ఆ సాయంత్రం మగ్గం పక్కన కూర్చొని టైట్రేషన్ గురించి చెప్పాను. సగం మాటలు ఇంగ్లీషువే. నాన్న ఓపికగా విని, “సమజ్ గాలే బిడ్డా, మల్లొకపారి చెప్పు” అన్నారు. రెండోసారి చెప్పాను. మళ్లీ అదే మాట. మూడోసారి ఇంగ్లీషు వదిలేశాను. గాజుగొట్టం నుంచి ఒక్కో చుక్క ఎలా వదులుతామో, లేత గులాబీ రంగు కనబడిన క్షణంలో ఎలా ఆపాలో, ఒక్క చుక్క ఎక్కువ పడితే మొత్తం ఎలా చెడుతుందో వేళ్లతో చూపిస్తూ చెప్పాను. నాన్న ముఖం విప్పారింది.

“గిదేనా! నూలు రంగుల ముంచినంక ఎప్పుడు తియ్యాల్నో తెలిసుడే గద. జరంత ఎక్కువుంచితె నల్లబడ్తది. మీరు సీసాల చేస్తాన్రు, మేం గంగాళంల చేస్తానం.”

తరువాతి శనివారం ఆ మాట చదవడానికి సిగ్గుపడ్డాను. తరగతి అంతా నవ్వింది. సార్ నవ్వలేదు. నాన్న మాటను అక్షరం మార్చకుండా బోర్డు మీద రాసి, “ఇందుల ఒక్క తప్పుంటె చెప్పుండ్రి” అన్నారు. ఎవరికీ తప్పు దొరకలేదు. అప్పుడాయన నా వైపు తిరిగారు. “మొదటి రెండుసార్లు మీ నాయినకు ఎందుకు సమజ్ గాలే? నీకే సమజ్ గాలే గనుక. మూడోసారి నీకు సమజైంది, ఆయనకూ సమజైంది.”

ఇంటికి వెళ్లి, నీ మాట యూనివర్సిటీ బోర్డు మీదికెక్కింది నాన్నా అని చెప్పాను. ఆయన ఆ తరువాత నేను పుస్తకం పట్టుకొని కూర్చున్నప్పుడల్లా మగ్గం ఆపి, “ఇయ్యాల ఏం చెప్పిండ్రు?” అని అడగడం మొదలుపెట్టారు.

రెండో ఏడాది సార్ మమ్మల్ని ఇద్దరిద్దరుగా విడదీసి చుట్టుపక్కల ఊళ్లకు పంపారు. తాగునీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో చూడాలి. అది ఎక్కువైతే పళ్లకు గార పట్టడం, కీళ్లు బిగుసుకుపోవడం, ఎముకలు వంగడం మీకు తెలిసే ఉంటుంది. దానికి రుచీ వాసనా ఉండవు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. నాకు జోడీ కవిత. రైతు కుటుంబం పిల్ల, హాస్టల్లో ఉండేది, నాకు ప్రాణస్నేహితురాలు. ఒక చిన్న పెట్టెలో మందునీళ్లు, రంగుల పట్టీ పట్టుకొని ఊరూరా తిరిగి, బోరింగు కొట్టి నీళ్లు పట్టి, రంగు చూసి, అంకె రాసుకునేవాళ్లం. సార్ ఇచ్చిన కాగితంలో ప్రతి బోరింగుకూ ఒక వరుస, ఆ వరుస చివర “చూడలేదు” అని ఒక గడి ఉండేది. ఆ గడి ఎందుకో అప్పట్లో మేము పట్టించుకోలేదు.

చివరి రోజు కవిత నాట్లకని ఊరికి పోయింది. మిగిలిన నాలుగు బోరింగులు నేనొక్కదాన్నే చూడాలి. ఆ పొద్దున్నే అమ్మకు జ్వరం వచ్చింది. జంపఖానాలు మర్నాటికల్లా అందించాలి, నూలు కండెలు చుట్టేవాళ్లు లేక నాన్న మగ్గం దగ్గర తలపట్టుకొని కూర్చున్నారు. నేను రాట్నం ముందు కూర్చున్నాను. సాయంత్రానికి వేళ్లు వాచిపోయాయి. రికార్డు ఇవ్వాల్సింది మర్నాడే. అదే ఊళ్లో అంతకుముందు చూసిన బోరింగుల అంకెలు చూసి, వాటిని అటూ ఇటూ కొంచెం జరిపి, నాలుగు వరుసలూ నింపేశాను. అన్నీ మంచినీళ్లే. ఊరి నుంచి వచ్చిన కవిత చూసి కూడా అడగకుండా సంతకం పెట్టింది.

సార్ రికార్డు తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగారు.

“ఈ నాలుగు నువ్వే చూసినవా?”

“అవును సార్.”

“బోరింగు కాడ ఎవరున్నరు?”

“ఎవరూ లేరు సార్.”

“పొద్దుగాల బోరింగు కాడ ఎవ్వలు లేకుంటనా?” అన్నారు. రికార్డు మూసి పక్కన పెట్టి, “రేపు పొద్దున బస్సుకు పోదాం. కవితను గూడ రమ్మను. పెట్టె మర్వకు” అన్నారు.

ఆ బస్సు ప్రయాణమంతా నేను కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాను, ఏమీ కనబడలేదు. మొదటి బోరింగు ఉండాల్సిన చోట సిమెంటు దిమ్మె ఒక్కటే ఉంది. దానికి ఒక మేకను కట్టేశారు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన, “గా బోరింగు పోయి రెండేండ్లాయె సారూ, ఇనుము గూడ ఎత్కపోయిండ్రు” అన్నాడు. పంచాయతీ నుంచి తెచ్చుకున్న పాత జాబితాలో అది ఉంది. లేని బోరింగు నీళ్లు మంచివని నేను రాశాను. సార్ తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తువ్వాలతో మెడ తుడుచుకొని, “నడువుండ్రి, మిగిలిన మూడు చూద్దాం” అన్నారు.

రెండు బాగానే ఉన్నాయి. మూడోది ఊరి చివర, లచ్చవ్వ అనే ఆమె ఇంటి ముందర. చుట్టూ ఏడెనిమిది ఇళ్లకు అదే ఆధారం. మందునీళ్లు కలిపి గాజుగొట్టాన్ని వెలుగుకు పట్టుకున్నాను. గులాబీ రంగు చూస్తుండగానే వెలిసి పసుపుకు తిరిగింది. అంటే ఫ్లోరైడ్ ఎక్కువ. గొట్టం కడిగి మళ్లీ చేశాను. మళ్లీ పసుపే.

ఎండలో వచ్చామని లచ్చవ్వ మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లే. సార్ మారుమాట లేకుండా తాగేశారు. నేనూ తాగాను. కవిత కూడా తాగింది. లోపల్నుంచి ఆమె మనవరాలు గోడ పట్టుకొని తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది. సార్ నా వైపు చూసి మెల్లగా, “చెప్పు” అన్నారు.

నేను చెప్పాను. “అవ్వా, నేను ఈ బోరింగు చూడకుండనే నీళ్లు మంచిగున్నయని రాసిన. తప్పు జేసిన. ఇయ్యాల చూసినం. ఈ నీళ్లు తాగొద్దవ్వా. పిల్లకు అసలే పొయ్యొద్దు.”

లచ్చవ్వ కోప్పడలేదు. అర్థం కానట్టు నన్నే చూస్తూ అడిగింది. “చూడకుండ ఎట్ల రాసినవ్ బిడ్డా?”

ఆ తరువాత ఎన్నో ఇంటర్వ్యూలకు వెళ్లాను. అంత సూటి ప్రశ్న నన్ను ఇంకెవరూ అడగలేదు. లచ్చవ్వ లేచి, ఇంట్లోని బిందె తెచ్చి వాకిట్లో గుమ్మరించింది. ఖాళీ బిందె చంకన పెట్టుకొని, “మరి ఏడికెల్లి తెచ్చుకోవాలె?” అంది. ఊరి ఇంకో చివరన ఉన్న మంచి బోరింగు దాకా మేము ముగ్గురం ఆమెతో నడిచి వెళ్లాం. ఎంత దూరమో నడిస్తేనే తెలిసింది.

తిరుగు బస్సులో సార్ మొదట కవితను అడిగారు. “నువ్వెందుకు సంతకం పెట్టినవ్?”

“సరిత నా దోస్తు గద సార్.”

“దోస్తయితెనే అడగాలె. పరాయోళ్లను ఎవరడుగుతరు?”

బస్సు మామునూరు దాటాక నాతో అన్నారు. “చూడలేదని రాసే గడి నేనే గీసిన. నా చేతితోని గీసిన. అమ్మకు జెరమొచ్చింది, పోలేదు అని రాస్తె నాకు కోపమొస్తుండెనా? తెల్వనిది తెల్వదని రాసుడు తప్పు గాదు బిడ్డా. తెల్వనిది తెలిసినట్టు రాస్తె, ఎవలో ఒగలు గా నీళ్లు తాగుతరు.”

ఆ ప్రాజెక్టుకు సార్ మా ఇద్దరికీ చాలా తక్కువ మార్కులు వేశారు. నాకు ఫస్టు క్లాసు తప్పింది. ఫస్టు క్లాసు లేనివాళ్లను, ఉద్యోగాలివ్వడానికి వచ్చిన మందుల కంపెనీ వాళ్లు పరీక్షకే పిలవలేదు. కవిత రెండు నెలలు నాతో మాట్లాడలేదు. నాకు నా మీద కోపం రావాలి కదా, సార్ మీద వచ్చింది. నిజం చెప్పించుకున్నారు, లచ్చవ్వ ముందు నిలబెట్టారు, అక్కడితో సరిపోలేదా అనుకున్నాను. ఎదురైతే పక్కకు తప్పుకొనేదాన్ని. ఆయన మాత్రం ఒకరోజు నన్నూ కవితనూ ల్యాబుకు పిలిచి, “మార్కులు అయిపోయినయ్, పని అయిపోలేదు” అని తెల్లకాగితాలు ముందు పెట్టారు. ఆ బోరింగు గురించి జిల్లా ఆఫీసుకు ఉత్తరం రాయించారు. మొదటి ఉత్తరం నాలుగు పేజీలు వచ్చింది. దాన్ని ఒక పేజీకి, ఆ పేజీని సగానికి తగ్గించారు. “చదివెటోనికి ఫుర్సత్ ఉండదు. ఏమున్నది, ఎక్కడున్నది, ఏం చెయ్యాలె. గంతే” అన్నారు. జవాబు రాలేదు. మళ్లీ రాశాం. పరీక్షలు అయిపోయాక కూడా రాశాం. నాలుగో ఉత్తరానికి ఒక ఉద్యోగి వెళ్లి నీళ్లు పట్టుకుపోయాడని, ఇంకొన్నాళ్లకు తాగొద్దన్న గుర్తుగా బోరింగుకు ఎర్రరంగు పూసి, ఆ ఇళ్లకు ట్యాంకరు పంపుతున్నారని లచ్చవ్వ కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. ఆ రోజు కవిత, నేను చాలాసేపు మాట్లాడుకున్నాం. యాదగిరి సార్‌కు ఫోన్ చేయడానికి మాత్రం నాకు ముఖం చెల్లలేదు. కవితే చేసింది.

రెండేళ్లు ట్యూషన్లు చెప్పుకున్నాను. తరువాత మడికొండలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో తయారైన సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఉద్యోగాలున్నాయని తెలిసి వెళ్లాను. నాకు కంప్యూటర్ చదువు లేదు. ఏం వచ్చు అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక ఆ నాలుగు బోరింగుల సంగతి చెప్పాను, మొదట నేను రాసిన అబద్ధంతో సహా. ఎందుకు తీసుకున్నారో వాళ్లు నాకెప్పుడూ చెప్పలేదు.

అక్కడ చేరిన నాలుగో ఏట, దవాఖానాల్లో రోగుల మందుల వివరాలు నమోదుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి మా చేతికి వచ్చింది. అది ఫలానా రోజున ఇచ్చి తీరాలి. ఇచ్చే రోజు పొద్దునకు రెండు పరీక్షలు మిగిలిపోయాయి. మా మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చి, “సరితా, ఆ రెండూ చిన్నవే కదా, అయిపోయినట్టు టిక్ పెట్టెయ్. తర్వాత చూసుకుందాం” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, పైనుంచి వచ్చే ఒత్తిడిలో ఉన్నాడు. ఇంటి అద్దె, నాన్న కంటి ఆపరేషను, అన్నీ ఆ ఉద్యోగం మీదే ఉన్నాయి. ఆ రెండు వరుసల్లో “పరీక్షించలేదు” అని రాసి పంపాను. ఇవ్వడం వారం వాయిదా పడింది. ఆ వారం ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. తీరా పరీక్షలు చేస్తే రెండింట్లోనూ ఏ తప్పూ లేదు. “చూసినవా, ఉత్తపుణ్యానికి వారం పాడుచేసినవ్” అన్నాడు మేనేజరు. ఆ ఏడాది నాకు రావాల్సిన పదోన్నతి ఇంకొకరికి పోయింది.

ఆ రెండు పరీక్షలూ ముగిసిన సాయంత్రమే ఇంటికి పోకుండా, ఆరేళ్ల తరువాత, యాదగిరి సార్‌కు ఫోన్ చేశాను. నా గొంతు గుర్తుపట్టి, “ఎట్లున్నవ్ బిడ్డా, మీ నాయిన మంచిగున్నడా?” అన్నారు, నిన్ననే మాట్లాడినట్టు. జరిగింది చెప్పాను. ఏ తప్పూ లేదట సార్, నేనే పెద్దది చేశాను అన్నాను.

“తప్పు లేకపోతె మంచిదే గద! నిన్నటిదాక నీకు తెల్వది. ఇయ్యాల తెలుసు. గా తేడా కోసమే గద వారం ఆపినవ్” అన్నారు. కొంచెం ఆగి, “ఆ రోజు నీ మార్కులు కోసినంక నేను గూడ మస్తు రోజులు నిద్రపోలేదు. ఎక్కువ కోసిన్నా అని. గిప్పటికి నాకు తెల్వది” అన్నారు. రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. ఆ రోజు నుంచి మేము నెలకోసారైనా మాట్లాడుకునేవాళ్లం.

ఆ మధ్య విశ్వవిద్యాలయం శనివారం పేపరును ఒక బయటి శిక్షణ సంస్థకు అప్పగించింది. సార్ మళ్లీ సీసాల బీరువా పక్కకు వెళ్లిపోయారు. ఉద్యోగం పర్మనెంటు కాలేదు. దాని గురించి ఆయన ఎన్నడూ నాతో అనలేదు. కడుపులో జబ్బు వచ్చిందని ఆయన భార్య అనసూయమ్మ గారు ఫోన్ చేస్తే దవాఖానకు పరుగెత్తాను. మంచం మీద సగమైపోయి ఉన్నారు. నేనున్నప్పుడే ఒక యువ డాక్టరు వచ్చి, కాగితాలు చూసి, “తగ్గుతుంది లెండి, ఫికర్ చేయకండి” అని వెళ్లబోయాడు.

సార్ ఆయన్ను ఆపారు. “డాక్టర్ సాబ్, తగ్గుతదని మీకు తెలుసా? తెల్వకుంటె తెల్వదని చెప్పుండ్రి. నేనేమనుకోను.”

ఆ డాక్టరు స్టూలు లాక్కొని మంచం పక్కన కూర్చున్నాడు. “తెలియదు సార్. కష్టంగానే ఉంది” అన్నాడు. సార్ అతని చెయ్యి పట్టుకొని, “సంతోషం బిడ్డా. ఇగ నేను చేసుకునే పనులు చేసుకుంట” అన్నారు. మర్నాటి నుంచి రెండు రోజులు మంచం మీదే కూర్చొని, ఆ ఏడాది తన పిల్లల రికార్డులు దిద్ది, ఎవరెవరికి ఎక్కడిదాకా చెప్పారో, ఏం మిగిలిందో ఒక కాగితం మీద రాసి పంపించారు. నేను చూసొచ్చిన పన్నెండో రోజున పోయారు.

సంతాప సభకు మేము చాలామందిమి వచ్చాం. బస్సు డిపోలో పనిచేసేవాళ్లు, పోలీసులు, బట్టల కొట్టు నడిపేవాళ్లు, మా కవితలా బడిపంతుళ్లు. రసాయనశాస్త్రం మీద బతుకుతున్నవాళ్లు ముగ్గురో నలుగురో. అయినా అందరం ఆయన మా పనే నేర్పారన్నట్టు మాట్లాడాం.

ఆ మర్నాడు ఆఫీసులో పెద్ద సమావేశం. మా సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లు, అందులోని ఈ లోపం ఎప్పటికి సరిచేస్తారు, తేదీ చెప్పండి అని అడిగారు. అందరూ నా వైపు చూశారు. ఏదో ఒక తేదీ చెప్పేస్తే ఆ గంట గడిచిపోతుంది. “నాకు తెలియదు. కనుక్కొని రేపు సాయంత్రానికి చెబుతాను” అన్నాను. సమావేశం ముగిశాక లేచి, కనుక్కోవడానికి కింది అంతస్తుకు నడిచాను.